ఆపా నీళ్లు తాగదు

ఉదయగిరి కొండ మీద కోట గోడలకు ఎండ తగిలే వేళకు జైతూన్‌బీ చేతిలో చెక్క చెక్కే బాడిస ఆడుతూ ఉండాలి. కొండ దిగువన ఆ వీధిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే ఇళ్లు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. అయినా చెక్కను చేత్తో తడిమి ఇది గరిటెకు పనికొస్తుంది, ఇది చంచాకే చాలు అని చెప్పాలంటే ఆమె తర్వాతే ఎవరైనా. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు రెండూ చచ్చుపడ్డాయి. చేతులు నేలకు ఆనించి, ఒళ్లు ముందుకు జరుపుకుంటూ ఇల్లూ వాకిలీ చుట్టబెడుతుంది. కన్నవాళ్లు అబ్బా, అమ్మీ పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఎవరైనా "పాపం" అన్నారో, వాళ్లకు ఆ పూట టీ కూడా దక్కదు.

ఆ రోజు పక్కింటి చెంచులక్ష్మి వచ్చేసరికి బాడిస మూలనే ఉంది. జైతూన్‌బీ దుప్పటి ముసుగులో ఉంది.

"ఏందక్కా, ఇంకా లెయ్యలా?"

"చలిగా ఉండాదే."

"ఈ ఎండాకాలంలో చలేంది నీకు?" అంటూ చెంచులక్ష్మి నుదుటి మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. "అమ్మో! పెనం మాదిరి కాల్తుండాది. నడుము కూడా పట్టుకోనుండావే! ముబీనన్నకు ఫోన్ చేస్తా."

"వాడికి చెప్పబాక!" జైతూన్‌బీ దుప్పటి తీసి లేవబోయి, నొప్పికి పళ్లు బిగించింది. "పోయినతూరి జొరానికే, ఇల్లు తాళం వేసి ఆత్మకూరు పోదాం పదమన్నాడు. ఈసారి ఊరుకోడు. ఈ ఇల్లు ఇడిసి నేను యాడికీ పోను. మాట ఇయ్యి."

చెంచులక్ష్మి మాట ఇచ్చింది. వాకిలి దాటి గోడ పక్కకు పోగానే ఫోన్ తీసి ముబీన్‌కు చెప్పేసింది. మాట తప్పినందుకు ఆమె ఏమాత్రం బాధపడలేదు.

ముబీన్ జైతూన్‌బీకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆత్మకూరులో టైల్స్ షాపు, దాని పైనే ఇల్లు. అక్కను ఆపా అని పిలుస్తాడు. ఆపా అంటే ప్రాణమే గానీ, ఆ ప్రేమ ఎప్పుడూ కోపం వేషంలోనే బయటికొస్తుంది. భార్య సాయిరాను వెంటబెట్టుకొని కారులో దిగాడు.

"మనిషివేనా నువ్వు? ఇంత జొరం పెట్టుకోని ఫోన్ చెయ్యవా?"

"గొంతు తగ్గించు. వీధంతా వింటుండారు."

"విననీ! మా అక్కకు నేను పరాయోడినని అందరూ విననీ!"

సాయిరా ఆయన్ను పక్కకు నెట్టి, "ముందు ఆపాను కార్లో కూర్చోబెట్టండి. తిట్టేది దారిలో తిట్టొచ్చు," అంది.

దారిలో ముబీన్ ఆ పని శ్రద్ధగా చేశాడు. జైతూన్‌బీ వినడం లేదు. కిటికీలోంచి బీడు భూములు, కంపచెట్లు వెనక్కిపోతుంటే ఆమెకు అబ్బా గుర్తుకొచ్చాడు. బర్కతుల్లా గరిటెల మూటను ఒక భుజాన, కూతుర్ని ఇంకో భుజాన వేసుకొని కలిగిరి సంతకు పోయేవాడు. భుజం మీదినుంచి చూస్తే సంత మొత్తం తన కిందే ఉండేది. దాహమని అడగకముందే గోలీసోడా కొనిచ్చేవాడు. కాసేపటికి ఆమె చెవిలో గుసగుసగా చెబితే, దూరంగా కంపచెట్ల చాటుకు తీసుకుపోయి కూర్చోబెట్టి, భుజం మీది తువ్వాలును తెరలా పట్టుకొని, మొహం అటు తిప్పుకొని నిలబడేవాడు. "బిన్నా కానీ తల్లీ, గిరాకీ పోతాది," అని నవ్వేవాడు. తాగాక ఎట్లా అనే భయం ఆ రోజుల్లో ఆమెకు తెలియదు. ఎన్ని సోడాలు తాగిందో!

ఆత్మకూరులో డాక్టరమ్మ నడుము నొక్కి చూసి, స్కానింగ్ రాసింది. స్కానింగ్ గది దగ్గర ఒక అమ్మాయి పెద్ద నీళ్ల సీసా తెచ్చి జైతూన్‌బీ చేతిలో పెట్టింది.

"ఇది మొత్తం తాగండమ్మా. మూత్రం గట్టిగా వచ్చినప్పుడు చెప్పండి, అప్పుడే స్కాన్ తీస్తాం."

జైతూన్‌బీ సీసా వంక చూసింది. మూత తీసి పెదాలు తడుపుకొని, మళ్లీ మూత పెట్టేసింది. తమ తర్వాత వచ్చినవాళ్లు కూడా లోపలికి పోయి వచ్చేస్తున్నారు. ఆమె సీసా మాత్రం నిండుగానే ఉంది.

ముబీన్ ఓపిక అంతవరకే. "తాగు ఆపా!"

"తాగుతాలే."

"ఎప్పుడు? విషమేమన్నా ఇచ్చినారా నీకు? అందరూ తాగలా? ఒక సీసా నీళ్లు తాగేదానికి ఇంత రభస ఏంది?"

వరండాలో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పారు. జైతూన్‌బీ మొహం ఎర్రబడింది. జ్వరం వల్ల కొంత, అవమానం వల్ల ఎక్కువ.

"తాగితే పోవాలి గదరా!" అంది పెద్దగా. "యాడికి పోయేది? ఎట్టా పోయేది? నువ్వు ఎత్తుకుపోతావా?"

పెద్ద గొంతుతో అడిగేసిన తర్వాత జైతూన్‌బీకి ఏడుపు ముంచుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయిరా లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. భర్తతో మెల్లగా అంది. "మీకేం తెలుసు? బస్సెక్కాలంటే ముందు రోజునుంచి నేనూ నీళ్లు మానేస్తా. ఆడోళ్లం చాలామంది అంతే. మేమైతే దిగి నడిచి పోగలం. ఆపా ఏం చేస్తాది?" తర్వాత ఆపా చెయ్యి పట్టుకుంది. "తాగు ఆపా. నేనుండాను. వీల్‌చెయిర్ దూరకపోతే ఎత్తుకోనే పోతా. నీకన్నా బరువైన బియ్యం మూటలు ఎత్తినదాన్ని."

జైతూన్‌బీ కళ్లు తుడుచుకొని సీసా ఎత్తింది. అంత దాహం ఆమెలో ఉందని ఆమెకే తెలియదు. సగం దాకా ఆపకుండా తాగింది.

స్కాన్‌లో కిడ్నీలో రాయి కనబడింది. ఇన్‌ఫెక్షన్ కూడా బాగా ముదిరింది. "రోజుకు నీళ్లు ఎన్ని తాగుతావమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"పొద్దున ఒక గ్లాసు. సాయంత్రం ఒక గ్లాసు."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఇప్పటికి రాయి చిన్నదే, మందులతో పోవచ్చు. కానీ ఇట్లాగే ఉంటే కిడ్నీ పాడవుతుంది. నేనిచ్చే మందులు పనిచెయ్యాలంటే నీళ్లు తాగాల్సిందే."

సెలైన్లు ఎక్కించి, జ్వరం దిగాక పంపించారు. కారు ఉదయగిరి వైపు తిరిగితే జైతూన్‌బీ ప్రాణం లేచొచ్చింది. ఇంటికి చేరి లోపల అడుగు పెట్టాకగానీ ముబీన్ ఎందుకొచ్చాడో బయటపడలేదు.

"సాయిరా, ఆపా బట్టలు సర్దు. బాడిస, ఉలులు కూడా పెట్టు. ఇల్లు తాళం వేసేద్దాం."

"నేను రాను," అంది జైతూన్‌బీ.

"కిడ్నీ పోతాదని డాక్టరు చెప్తే నీకు ఇనపళ్లేదా?"

"ఇనపడింది. మీ ఇంటికొస్తే ఏందంట? మేడ మీద కూర్చోబెడతావు. ఎవరన్నా దించితే దిగాల, ఎత్తితే ఎక్కాల. ఇక్కడ నా ఇంట్లో నేను తిరుగుతుండా. గిరాకీ వస్తే నేనే మాట్లాడుతుండా. నాకు తెలిసినోళ్లందరూ ఈ వీధిలోనే ఉండారు."

"తిరుగుతుండావు, నీళ్లు మానేసి! ఆస్పత్రిలో అంటే సరే. ఇంట్లో ఏం రోగం? నీకోసమని అంత మంచి బాత్రూం కట్టిచ్చినానే! మా షాపులో అంతకంటే మంచి టైల్స్ లేవు. కమోడు కూడా కంపెనీది!"

నిజమే. పోయిన ఏడాది పెరట్లో గోడవారగా నేలమట్టంగా ఉన్న పాత మరుగుదొడ్డిని పగలగొట్టించి, అద్దంలా మెరిసే టైల్స్‌తో, వెస్టర్న్ కమోడుతో కొత్తది కట్టించాడు. పైపుకు వాలు కావాలని రెండు మెట్లు పైకి లేపాడు. చుట్టాలను పిలిచి బిర్యానీ పెట్టి, ఒక్కొక్కరినీ తీసుకుపోయి చూపించాడు. అందరూ మెచ్చుకున్నవాళ్లే. ఆపా దాన్ని ఎట్లా వాడుతుందని ఒక్కరికీ తోచలేదు.

పాలగిన్నెతో అప్పుడే వచ్చిన చెంచులక్ష్మి ఇక ఉండబట్టలేకపోయింది.

"అన్నా, కోపం చేసుకోబాక. ఆ బండల మీద నేనే జారి పడినా. నేల మీద జరిగే మనిషి ఆ మెట్లెక్కి, కుర్చీ మాదిరి దాని మీదికి ఎట్టా ఎక్కుతాది? పొద్దున, సాయంత్రం నేనొచ్చి ఎత్తి కూర్చోబెడతా. మధ్యలో వస్తే ఎవురుండారు? అందుకే నీళ్లు మానేసింది."

ముబీన్ అక్క వైపు తిరిగాడు. ఆమె కళ్లు దించుకుంది.

"నాకెందుకు చెప్పలా ఆపా?"

"ఎట్టా చెప్పేది? ఆ రోజు 'మా ఆపాకు కట్టిచ్చినా' అని నువ్వు మురిసిపోతుంటే, నా నోట మాట రాలా. తర్వాత చెప్తామంటే భయం. 'నీకిక్కడ జరగదు, పద ఆత్మకూరు' అంటావని."

"అబ్బాకైతే చెప్పేదానివి! గడప కొయ్యమని ఆయనకు చెప్పలా?"

ఆ ఇంటికి గడప లేదు. చిన్నప్పుడు జైతూన్ అప్పటి చెక్క గడప మీదుగా జరగబోయి ప్రతిసారీ తొడలు గీరుకునేది. ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి బర్కతుల్లా రంపం తీసి గడపను రెండు పక్కలా కోసి పడేశాడు. గడప లేని ఇల్లేంది, పురుగూ పుట్రా వస్తాయి అని పెద్దవాళ్లు రంకెలు వేశారు. "వస్తే చూసుకుంటాలే," అని ఆయన రంపం తుడిచి లోపల పెట్టుకున్నాడు.

"అబ్బాకు నేను చెప్పలేదురా," అంది జైతూన్‌బీ. "ఆయన రోజంతా నా పక్కనే నేల మీద కూర్చోని పని చేసేవాడు. కింద కూర్చున్నోడికి గడప ఎంత ఎత్తో తెలుస్తాది. నువ్వు వచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చుంటావు. ఒక కాలు వాకిట్లోనే ఉంటాది."

ముబీన్ విసవిసా పెరట్లోకి పోయాడు. అలిగాడనే అనుకున్నారు అందరూ. సాయిరా వెనకే పోయి, తలుపు దగ్గరే ఆగిపోయింది.

నలుగురిలో పెద్దమనిషిగా తిరిగే ముబీన్, తెల్ల ప్యాంటుతో మట్టిలో చతికిలబడ్డాడు. రెండు చేతులు నేలకు ఆనించి ఒళ్లు ముందుకు జరిపాడు. మళ్లీ ఆనించాడు, మళ్లీ జరిపాడు. ఎండకు కాలిన నేల అరచేతులను చురుక్కుమనిపించింది. వెనకే వచ్చిన చెంచులక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో ఆమెకే తెలియలేదు. ముబీన్ మెట్ల దగ్గరికి చేరి, మొదటి మెట్టు మీద చేతులు పెట్టి ఒళ్లు పైకి లేపబోయాడు. లేవలేదు. ఇంకోసారి చూశాడు. మోచేతులు వణికి కిందికి జారిపోయాడు. అక్కడ్నించి తలెత్తి చూస్తే తలుపు గడియ ఎక్కడో ఉంది. లైటు స్విచ్చి ఇంకా పైన ఉంది. అన్నీ తానే దగ్గరుండి పెట్టించినవి.

అక్కడ కూర్చునే, "సాయిరా, కార్లో కొలిచే టేపు ఉంటాది, తీసుకురా," అన్నాడు. "ఈ మెట్లు కొట్టెయ్యాల. ఆ కమోడు పీకెయ్యాల. మళ్లీ నేలమట్టంగానే కడదాం, గరుకు బండలతో."

"మరి తాళం?" అని అడిగింది సాయిరా.

"తాళం లేదు, గీళం లేదు. ఆపా ఇల్లు ఆపాదే."

"అయితే పని అయ్యేదాకా నేనూ ఇక్కడే. డాక్టరమ్మ చెప్పిన నీళ్లు తాగించాలి గదా, అన్ని రోజులూ మీరు హోటల్లో తినండి."

జైతూన్‌బీ అప్పటికే జరుగుతూ పెరట్లోకి వచ్చింది. ముబీన్ గోడ పక్కన కూర్చొని పెన్సిల్ తీశాడు. "ఆపా, నీ చెయ్యి యాడిదాకా అందుతాదో చూపించు. కొళాయి ఆడ పెట్టిస్తా." ఆమె చెయ్యి చాచింది. వేళ్ల కొసల దగ్గర అతను గీత గీశాడు. మట్టి కొట్టుకుపోయిన అతని ప్యాంటు, ఎర్రగా కందిన అరచేతులు చూసి ఆమె ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"జరిగేది ఇంకా మర్చిపోలేదురా నువ్వు."

"ఇంకానా? నేనెప్పుడు జరిగినా?"

"అమ్మీ గరిటెల పనిలో ఉంటే నిన్ను పెంచింది నేనే గదా. నన్ను చూసి నువ్వూ ఇట్టనే జరిగేవాడివి. నీ ఈడు పిల్లకాయలు పరిగెత్తుతుండారు, నువ్వు మాత్రం లేచి నిలబడవు. నీకూ పోలియో వచ్చిందని అమ్మీ ఒకటే ఏడుపు. నెల్లూరు డాక్టరుకు చూపిస్తే, కాళ్లు బ్రహ్మాండంగా ఉండాయి, వాళ్ల అక్కను చూసి నేర్చుకోనుండాడు అన్నాడంట."

ముబీన్ చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

"మరి ఎట్టా నడిచినాను?"

"ఆ కిటికీ చువ్వలు పట్టుకోని నేను నిలబడినా," అంది జైతూన్‌బీ, మామూలు విషయం చెబుతున్నట్టు. "కాళ్లు నిలవవు గదా, బరువంతా చేతుల మీదే. చేతులు జారి పడతా, మళ్లీ లేస్తా. రోజూ అదే పని. నేను నిలబడితేగానీ నువ్వు నిలబడవు మరి. ఒక రోజు లేచి నిలబడినావు. నన్ను చూస్తా చూస్తా నా దగ్గరికి నడిచొచ్చినావు. ఆ తర్వాత నేను మళ్లీ నిలబడలా. నాకు అవసరం రాలేదు."

ముబీన్ అక్క కాళ్ల వైపు చూశాడు. చీర అంచు కింద మడతపడి ఉన్న, ఎప్పుడూ సరిగ్గా చూడని ఆ సన్నటి కాళ్లను రెండు చేతులా తీసుకొని ఒళ్లో పెట్టుకున్నాడు. అట్లాగే నేల మీద కూర్చొని, వీధి వీధంతా వినేట్టు ఏడ్చాడు.