జీడితోట ఇంట్లో చేతులడిగే దెయ్యం

మందస దాటాక, రోడ్డుకి లోపలగా జీడితోటలో ఒక పెంకుటిల్లు ఉంది. పొద్దుగూకాక అటువైపు మొనగాళ్ళు కూడా పోరు. ఆ ఇల్లు మనిషిని తింటుందని పేరు.

పేరు ఊరికే రాలేదు లెండి. ఈశ్వరరావుని తిన్నది ఆ ఇల్లేనట. కిడ్నీలు పాడై, విశాఖలో కొత్త కిడ్నీ పెట్టించుకుని, తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికొచ్చాడు. కొత్త కిడ్నీ నిలవడానికి వాడే మందులు రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి, కొన్నాళ్ళు ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి అని డాక్టర్లు మరీ మరీ చెప్పారు. కానీ పలకరింపుకి వెళ్ళకపోతే మర్యాదేముంది? ఊరంతా వెళ్ళింది. పేడ చేతులతో, చేపల చేతులతో ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. ముక్కు కారే పిల్లల్ని తెచ్చి ఒళ్ళో కూర్చోబెట్టింది.

నెల తిరక్కుండా జ్వరం పట్టుకుంది. ఆ క్రిమి ఏ మందుకీ లొంగలేదు. ఆయన పోయాడు. ఇల్లు అచ్చిరాలేదని ఊరు తీర్పు చెప్పేసింది. ఇంటికి నోరు లేదు కదా, ఏమైనా అనొచ్చు.

తర్వాత కొడుకు ఉమామహేష్ కిడ్నీల వంతు వచ్చింది. ఈసారి తల్లి భాగ్యలక్ష్మి తన కిడ్నీయే ఒకటి తీసి ఇచ్చింది. ఆపరేషనయ్యాక ఇద్దరూ ఆ ఇంటికే చేరారు. కొద్ది రోజులకే ఒక పుకారు... కిటికీలో తెల్లటి ఆకారం తిరుగుతోందని, దానికి మొహం లేదని. అంతే, పలకరింపులు ఆగిపోయాయి.

ఆగనివాడు ఒక్కడే — ఢిల్లేశ్వరరావు. భాగ్యలక్ష్మికి స్వయానా తమ్ముడు, మా ఊరి సూదిమందు డాక్టరు. చదివింది పదో తరగతి, పొడిచింది మూడు తరాల్ని. జలుబుకీ పెద్ద సూదే, కాలు బెణికినా పెద్ద సూదే. బావ ఈశ్వరరావుకి ఏళ్ళ తరబడి పొడిచిందీ అతనే. మనం టీకి అలవాటుపడ్డట్టు మా ఊరి క్రిములు అతని మందుకి అలవాటుపడిపోయాయి. మనిషి మాత్రం వెన్న. అదే వచ్చిన చిక్కు.

ఆ రాత్రి సంగతి నాకొక్కడికే చెప్పాడు.

మేనల్లుడికి ఒళ్ళు వెచ్చబడిందని తెలిసి, సంచిలో సూది వేసుకుని బయల్దేరాడు. కరెంటు లేదు. అడుగు వేస్తే ఎండిన జీడాకుల చప్పుడు... ఆగితే ఏమీ లేదు. ఎవరో వెనకాలే నడుస్తున్నారనిపించి రెండుసార్లు తిరిగి చూశాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి —

నిలబడి ఉంది.

తెల్లటి ఒళ్ళు. మొహం ఉండాల్సిన చోట రెండు కళ్ళే. చేతులు... నీలం రంగు.

"అప్పా," అన్నాడు. అక్కని మా వైపు అలాగే పిలుస్తాం.

"సేతులు..." అంది ఆ ఆకారం గుసగుసగా. "సేతులు సాపు."

తనకి తెలియకుండానే చాచాడు. అరచేతుల్లో చల్లగా ఏదో పడింది. నీళ్ళు కాదు — పడ్డది పడ్డట్టే ఆరిపోయింది.

"సూది ఇలగియ్యి."

సంచిలో సూది ఉందని దీనికెవరు చెప్పారు? అక్కని ఏం చేసిందో అనుకుంటూ సంచిని గుండెకి అదుముకున్నాడు.

"ఈశ్వర్రావుకి పొడిసినవి సాలవా?"

దాంతో ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ఇది అక్క కాదు. పెళ్ళయిన నాటి నుంచి అక్క మొగుడి పేరు పలకలేదు. ఆసుపత్రిలో అడిగినా తమ్ముడి చేతే చెప్పించేది.

పరిగెత్తబోయాడు. వేరు తగిలి బోర్లా పడ్డాడు. అది దగ్గరికొచ్చింది... వంగింది... సంచి లాక్కుంది.

అంతలో పలాస నుంచి వచ్చిన కారొకటి తోటలోకి తిరిగింది. ఆ వెలుతుర్లో చూశాడు — ఆసుపత్రి గౌను, మాస్కు, నీలం తొడుగులు, చేతులకి రాసుకునే మందు సీసా. మాస్కు పైన భాగ్యలక్ష్మి కళ్ళు, నిండా నీళ్ళతో.

జ్వరం సంగతి ఫోన్లో చెప్తే, బయట ఏ సూదీ వేయించొద్దు, వెంటనే తీసుకురండి, ఏ క్రిమో పరీక్ష చేసి దానికి తగ్గ మందే ఇస్తాం అన్నారట ఆసుపత్రివాళ్ళు. కారు కోసం కాచుకుని ఉంది. తోడబుట్టినవాణ్ణి పొమ్మనడానికి మాత్రం నోరు రాలేదు. అందుకే దెయ్యంలా మొగుడి పేరు కూడా పలికింది.

"దెయ్యం ఏసం ఏటప్పా?" అన్నాడు పడ్డచోటి నుంచే.

"ఏసం కాదురా. పిల్లోడి కాడకెల్తే ఇయ్యే ఏసుకోమన్నారు డాక్టర్లు. ఊల్లోవోల్లు సూసి దెయ్యమన్నారు, నాను ఊరుకున్నాను." కొడుకుని కారెక్కించి, ఇటు తిరిగింది. "మీ బావప్పుడు డాక్టరు మాట సెప్పి అందర్నీ బతిమాలినాను. ఎవులాగినారు? నా వొంట్లోది తీసి ఈడికెట్టినానురా, ఢిల్లీ. ఇది పోతే ఇవ్వడానికి నా కాడ ఇంకేటీ నేదు."

అతనికి ఏడుపొచ్చింది. పొద్దున్నే ఊరందర్నీ పోగేసి ఉన్న నిజం చెప్పేస్తానన్నాడు.

ఆమె కారు తలుపు పట్టుకుని ఆగింది.

"వద్దురా. దెయ్యమనే సెప్పు. అప్పని సెప్పినావంటే, మేం తిరిగొచ్చిన రోజే పలకరింపుకి వచ్చేత్తారు."