నంబర్ ఎక్కడ దొరికింది?

"మీరు వినడానికి వచ్చారు. వినండి. మధ్యలో నోరు తెరిచారంటే తీగ పీకేస్తాను," అంది పంతులమ్మ.

ఆ కంపెనీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. జనం ఫోన్లోనే డబ్బు దాచుకోవడానికీ పంపుకోవడానికీ పనికొచ్చే యాప్ ఒకటి నడిపే కంపెనీ అది. కింది అంతస్తులో హెల్ప్‌లైన్ సెక్షన్. పదకొండు కుర్చీలు, పదకొండు ఫోన్లు, ఒక్కటే కిటికీ. ఫోన్ చేసినవాళ్లకు అర్థమయ్యేదాకా చెప్పడం, చెప్పినదాన్ని తిరిగి అప్పజెప్పించుకోవడం ఆమెకు అలవాటు. ఆ పేరు అలా వచ్చింది.

ఎదురుగా నిలబడ్డవాడు ఐదో అంతస్తు మనిషి. యాప్‌లో తెరలూ బటన్లూ గీసే డిజైనర్. కింది సెక్షన్ వాళ్ల లెక్కలో బొమ్మలాయన.

"వారం రోజులు మీ పక్కన కూర్చోమన్నారండీ. కస్టమర్ల మీద ఎంపతీ పెరగాలని," అన్నాడు.

"ఎక్కడ పెరుగుతుంది అది? పైన మీ కుండీల్లోనా?"

పక్క సీటు అక్క కిసుక్కున నవ్వింది. అతనూ నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తెలియక ఆగిపోయాడు.

ఐదో అంతస్తును పంతులమ్మ ఒక్కసారే చూసింది. ఆ ఒక్కసారీ చాలింది. గాజు గోడలు, వాటి నిండా పసుపు కాగితాలు, కూర్చుంటే లేవలేని మెత్తటి బస్తాలు. ఆ బస్తాల్లో కూరుకుపోయిన కుర్రాళ్లు "యూజర్ ఏమనుకుంటాడు?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. ఆ యూజర్ అదే సమయానికి కింద ఆమె చెవిలో అరుస్తున్నాడు. తలుపు మీద పెద్దక్షరాలతో రాసి ఉంది: "మనం కస్టమర్ గుండెల్లో ఉంటాం." గుండెల్లో ఉండేవాళ్లకు ఫోన్ నంబరెందుకని కాబోలు, కొత్త యాప్‌లో హెల్ప్‌లైన్ నంబర్‌ని కంటికి కనబడకుండా చేశారు.

లేదని కాదు, ఉంది. మూలనున్న మూడు గీతలు నొక్కి, 'మరిన్ని'లోకి వెళ్లి, 'సహాయం'లో దూరి, నలభై ప్రశ్నలు దాటుకుని అట్టడుగుకి వెళితే అక్కడ ఒక నవ్వుముఖం రోబో ఉంటుంది. దాని నవ్వును మూడుసార్లు భరించినవాళ్లకే నంబర్. దాంతో కాల్స్ సగానికి పడిపోయాయి. జనానికి కష్టాలు తీరిపోయాయని పై అంతస్తు సంబరపడింది. కింది అంతస్తుకు మాత్రం ఒక కాగితం వచ్చింది. కాల్స్ ఇలాగే తగ్గితే నెలాఖరుకు హెల్ప్‌లైన్ మూసేస్తారట. పదకొండు మంది ఇళ్లకు వెళ్లాలట.

వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా చదివింది పంతులమ్మే. అమ్మ మందులూ తమ్ముడి చదువూ ఈ కుర్చీ మీదే ఆధారపడి ఉన్నాయి. అలాంటి కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని ఎంపతీ పెంచుకోవడానికి ఒకడు దిగాడు.

ఒకే ఫోన్‌కి రెండు హెడ్‌సెట్లు తగిలించే తీగ రెండడుగులకు మించి లేదు. అతను అటు జరిగితే ఆమె తల ఇటు వాలుతుంది.

"కదలకండి."

"కదలట్లేదండీ. ఊపిరి తీసుకుంటున్నాను."

"మెల్లగా తీసుకోండి."

మొదటి కాల్ ఒక పెద్దాయనది. "అమ్మా, తెర మీద రంగుకాగితాలు ఎగురుతున్నాయి. శభాష్ అని కూడా వచ్చింది. నేనేం సాధించాను?"

పంతులమ్మ చూసింది. "మీ కార్డు ఆగిపోయిందండీ. పర్సు పోయిందని మీరే ఆపేశారు."

"ఆపినందుకు పండగా?"

కాల్ అయ్యాక ఆమె తల తిప్పింది. "ఆ రంగుకాగితాలు ఎవరి ఘనకార్యం?"

"మా టీమ్‌లో ఇంకొకాయనదండీ. ఏ పని పూర్తయినా అవే ఎగురుతాయి. దాన్ని డిలైట్ అంటాం."

"డిలైటా! పర్సు పోయినాయన ముందు పూలు చల్లారు. రేపెవరైనా పోయినట్టు నమోదు చేస్తే బాకా కూడా ఊదుతుందా?"

అతను నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నాడు. ఆమె కూడా తన సొంత నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాసింది. ప్రతి కాల్ చివరా ఆమె అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏమీ అనుకోకండి, ఈ నంబర్ మీకు ఎక్కడ దొరికింది?" పెద్దాయన చెప్పిన జవాబు రాసి మూసేసింది.

మూడో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఎదురు వీధిలోని టీ కొట్టుకు వెళ్లినవాళ్లిద్దరూ దాని రేకు చూరు కింద ఇరుక్కుపోయారు. వాన నిలువుగా కాక ఏటవాలుగా పడుతూ, పొడిగా ఉన్న చోటును అంగుళం అంగుళం తినేస్తోంది. పొడి చోటు తగ్గేకొద్దీ ఇద్దరూ దగ్గరికి జరగాల్సొచ్చింది. ఇక్కడ తీగ లేదన్న సంగతి ఇద్దరూ గమనించి గమనించనట్టు ఊరుకున్నారు.

"మీకు మామీద ఇంత కోపమెందుకండీ?" అన్నాడు.

"కోపం కాదు, చిన్నచూపు. రెండూ వేరు."

అతను గట్టిగా నవ్వేశాడు. అంత మాట పడి కూడా అలా నవ్వే మగవాణ్ణి ఆమె ఎప్పుడూ చూడలేదు. టీ గ్లాసు పొగలోంచి ఒకసారి చూసి, వెంటనే వీధి వైపు తిరిగింది.

"మా నాన్నకు మాత్రం యాప్ చాలా బాగుందిట," అన్నాడు అతను ఉడికించడానికి.

"నాన్నలు అలాగే అంటారు లెండి."

నాలుగో రోజు పదకొండు గంటలకు ఫోన్ మోగింది. ప్రతి వారం ఆ రోజు ఆ వేళకు ఎవరు చేస్తారో పంతులమ్మకు తెలుసు.

"అమ్మా పంతులమ్మా, నేనే."

"చెప్పండి బాబాయ్. దారాల కొట్టుకు పంపాలి, అంతేగా?"

"అంతేనమ్మా. మళ్లీ ఆ బటన్ ఎటో పోయింది. పోయిన వారం కింద ఉండేది."

"పైకి మార్చారు. కుడి వైపు చూడండి, లేత బూడిద రంగులో."

"బూడిద మీద బూడిద రంగేంటమ్మా? చొక్కా అయితే వేసుకునేవాడికి ముందు ఒకసారి తొడిగి చూస్తాం. వీళ్లు ఎవరికి తొడిగి చూశారు?"

ఆమెకు నవ్వొచ్చింది. "బాగా అడిగారు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోకూడదా బాబాయ్?"

అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"మావాడే గీశాడమ్మా ఇది. నా కత్తెరతో చదివించుకున్నాను వాణ్ణి. నాకు రావట్లేదంటే చిన్నబుచ్చుకుంటాడు. చాలా బాగుందిరా అని చెప్పాను. నువ్వు కూడా ఎక్కడా అనకు, ఏం?"

తీగ ఒక్కసారి బిగుసుకుంది. బొమ్మలాయన లేచి నిలబడ్డాడు. హెడ్‌సెట్ అతని చెవి మీంచి జారి బల్లకు కొట్టుకుంది. అతను తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

పంతులమ్మ టైలర్ గారి పని పూర్తి చేసి, తిరిగి అప్పజెప్పించుకుని, అప్పుడు లేచింది. అతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మీ నాన్నగారా?"

అతను తలూపాడు. "ప్రతి వారం చేస్తారా?"

"ప్రతి వారం. నేను లేని రోజు చేస్తే పెట్టేసి మర్నాడు చేస్తారు."

"ఆయన కోసమే చేశాననుకున్నానండీ ఈ పని. మావాడు గీసిందని వీధంతా చెప్పుకున్నారు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకోటి కూడా చెప్పాలి. ఆ నంబర్‌ని లోపలికి నెట్టింది నేనే. కాల్స్ తగ్గించమన్నారు, తగ్గించాను. అందుకే వచ్చే నెల నాకు టీమ్ లీడ్ పోస్ట్."

అంతవరకూ కాస్త మెత్తబడ్డ ఆమె మనసు ఒక్క క్షణంలో గట్టిపడింది.

"అందుకే మా పదకొండు మందికీ సెలవు. అది కూడా తెలుసా?"

అతని మొహం చూస్తే తెలియదని తెలిసిపోయింది. "నిజంగా తెలీదండీ."

"తెలుసుకోవడానికి రెండు నిమిషాలు పట్టేది. లిఫ్ట్ ఉందిగా."

మర్నాడు అతను రాడనుకుంది. రాడనుకుని తలుపు వైపు నాలుగుసార్లు చూసింది. తొమ్మిదిన్నరకు కంప్యూటర్ లేకుండా, తెల్ల కాగితాలూ పెన్సిలూ పట్టుకుని వచ్చాడు.

"ఏది ఎక్కడుండాలో మీరు చెప్పండి. నేను గీస్తాను."

"ఎంపతీ పెరిగిందా?"

"సిగ్గు పెరిగింది."

ఆ మాట నచ్చింది ఆమెకు. నచ్చినట్టు కనబడనివ్వలేదు. డబ్బు పంపే బటన్ ప్రతి వారం ఊరేగకుండా ఒకేచోట ఉండాలంది. అక్షరాలు పెద్దవి కావాలంది. తప్పు జరిగితే 'అయ్యో!' అని ఊరుకోకుండా ఏం తప్పో చెప్పమంది. అతను గీసి చూపించడం, ఆమె పెదవి విరవడం, అతను చెరపడం. సాయంత్రానికి బల్ల నిండా రబ్బరు పొడి.

అతను నీళ్లకు లేచినప్పుడు పక్క సీటు అక్క వంగింది. "ఏమే, అన్నీ నేర్పించేస్తున్నావు. యాప్ బాగుపడితే ఫోన్లు ఇంకా తగ్గుతాయి. మన మెడకు మనమే తాడు తగిలించుకుంటున్నామా?"

"వాళ్లు ఇబ్బంది పడాలని కోరుకుంటూ జీతం తీసుకోలేనక్కా."

"అందుకేనా? ఆ కళ్లజోడు కోసం కాదూ?"

"అక్కా!"

"నాకేం, అడిగానంతే."

సోమవారం పై అంతస్తులో సమావేశం. సగం పూటయ్యాక పంతులమ్మకు పిలుపొచ్చింది, నోట్‌బుక్ తీసుకుని రమ్మని. వెళ్లేసరికి గోడ మీద ఒక బాణం కిందికి దిగుతోంది. దాని పక్కన 'కాల్స్ సగానికి తగ్గాయి: ఘనవిజయం' అని ఉంది. కంపెనీ నడిపే పెద్దసారు చేతులు కట్టుకుని ఆ బాణాన్ని కన్నబిడ్డను చూసినట్టు చూస్తున్నారు. బోర్డు నుంచి వచ్చిన పెద్దావిడ బల్ల చివర కూర్చున్నారు. రంగుకాగితాలు కనిపెట్టినతను బస్తాలో ఉన్నాడు.

బొమ్మలాయన నిలబడి ఉన్నాడు. "ఇది నా విజయం కాదు సార్, నా తప్పు. కష్టాలు తగ్గలేదు. నంబర్ దాచేశాం. జనం ఎలా వెతుక్కుంటున్నారో ఈవిడ చదువుతారు."

పంతులమ్మ నోట్‌బుక్ తెరిచింది. గొంతు వణకలేదు. అది ఆమె పనిముట్టు.

"ఒకాయనకు కార్డు వచ్చిన పాత కవరు వెనక దొరికింది. ఒకావిడకు ఫొటోకాపీ షాపు అద్దం మీద దొరికింది, షాపాయన అడిగినవాళ్లకు చెప్పలేక రాసి అంటించాడట. ఒక పెద్దాయనకు మన ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ అరచేతి మీద రాసిచ్చాడు, ఇల్లు చేరేదాకా ఆయన చేయి కడుక్కోలేదు. ఒకమ్మాయి బస్సులో పక్కనెవరో మాకు ఫోన్ చేస్తుంటే చూసి రాసుకుంది. ఒకాయన మన పోటీ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి మన నంబర్ అడిగాడు." ఆగింది. "వాళ్లు ఇచ్చారు."

పెద్దసారు దగ్గారు. "ఇవి చెదురుమదురు సంఘటనలు..."

"నాకు మా డ్రైవర్ ఇచ్చాడు," అన్నారు బోర్డు పెద్దావిడ. "పోయిన నెల ఆ నవ్వుముఖంతో పదిహేను నిమిషాలు వేగాను. నా వయసు వల్లే రావట్లేదనుకుని ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసి." బాణం వైపు చూశారు. "దాన్ని తీసేయండి. నంబర్ మొదటి తెర మీద పెట్టండి. ఈ అమ్మాయి వాళ్ల సెక్షన్ జోలికి ఎవరూ వెళ్లకండి."

పెద్దసారు వెంటనే, తాను మొదటినుంచీ అదే అంటున్నానన్నారు. లీడ్ పోస్ట్‌ను మాత్రం రంగుకాగితాలతనికి ఇచ్చారు.

నంబర్ మొదటి తెర మీదికొచ్చిన రోజు హెల్ప్‌లైన్‌కి తల తిప్పుకోవడానికి తీరిక లేదు. ఇన్నాళ్లూ లోపల కుక్కుకున్నవన్నీ జనం ఒక్కసారే అడగసాగారు. బొమ్మలాయన వారం గడువు అయిపోయి పైకి వెళ్లిపోయాడు. పక్కన కుర్చీ ఖాళీ. ఆ ఖాళీ వైపు చూడటానికి కూడా వీల్లేకుండా ఫోన్ మోగుతోంది. మధ్యాహ్నం పన్నెండింటికి ఇంకో కాల్ ఎత్తింది.

"నమస్కారమండీ, చెప్పండి."

"నేనండీ. వరుసలో పదిహేడో వాణ్ణి అని చెప్పింది మిషను. మీ కుర్చీయే కావాలని నలభై నిమిషాలు ఆగాను."

ఆమె చేతిలో పెన్ను ఆగింది. "లిఫ్ట్ పాడైందా?"

"మూడుసార్లు దిగి వచ్చాను. మీరు తలెత్తలేదు. అందుకే అందరిలాగే వచ్చాను."

"ఈ కాల్ రికార్డవుతుంది, తెలుసా?"

"తెలుసు. తర్వాత అనలేదని నేనే తప్పించుకోకుండా ఉండాలని చేశాను." ఊపిరి తీసుకోవడం వినబడింది. "మీరంటే నాకు ఇష్టమండీ. ఆ చిన్నచూపుతో సహా. పెళ్లి చేసుకుందామని ఉంది, మీకు ఇష్టమైతే."

పక్క సీటు అక్క తన కస్టమర్‌ని ఆగమని చెప్పి మరీ చెవి ఇటు వేసింది.

"మీరు ఆలస్యంగా చేశారు," అంది పంతులమ్మ. "ఇదే సంగతి మీద పొద్దున్నే ఒకరు ఫోన్ చేశారు."

"ఎవరు?" గొంతు పాతాళంలోకి వెళ్లింది.

"టైలర్ గారు. 'అమ్మా, ఈసారి యాప్ గురించి కాదు. మావాడు నిన్నంతా ఇంట్లో నీ గొడవే. వాడికి చొరవ తక్కువ, నువ్వు సరేనంటే మీ అమ్మతో నేను మాట్లాడతాను' అన్నారు. ఆయన వరుసలో మూడో వారు. మీరు పదిహేడు."

"మా నాన్నా! ...మీరేమన్నారు?"

"అమ్మనడిగి చెప్తానన్నాను. మధ్యలో ఒక్క నిమిషం ఫోన్ చేసి అడిగాను. 'ఐదో అంతస్తు వాడా?' అంది. కాదమ్మా, దిగొచ్చాడు అన్నాను."

అవతల ఏదో కిందపడిన చప్పుడైంది.

"అర్థమైందా? అయితే తిరిగి అప్పజెప్పండి."

"మీకు... ఇష్టమే అన్నారు."

"పూర్తిగా."

"మీకు నేనంటే ఇష్టమే అన్నారు."

"ఆ. ఆరింటికి నా షిఫ్ట్ అయిపోతుంది. ఇంక పెట్టేయండి, మీ వెనక ముప్పై మంది ఉన్నారు."

లైను మారింది. ఆమె మొహం మీది నవ్వు తుడుచుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, శ్రద్ధగా అంది: "నమస్కారమండీ, చెప్పండి."

"చెప్పేదేముంది తల్లీ," అంది అవతల ఒక పెద్దావిడ, మండిపడుతూ. "కార్డు పోయి నేనేడుస్తుంటే, నువ్వు నవ్వుతావేంటి?"