కొచ్చి రిబ్కా

శుక్రవారం సెలవు. సౌదీలో, దమ్మామ్‌లోని రెండు గదుల ఫ్లాట్‌లో దిలావర్ బొరుగుల ఉగ్గాని తింటూ ఫోన్ చూసుకుంటున్నాడు. భార్య ఆసిఫా వంటగదిలో మిరపకాయ బజ్జీలు వేస్తోంది. ప్రొద్దుటూరు నుంచి ఎవరొచ్చినా బొరుగులు మోసుకు రావాల్సిందే, లేకపోతే ఈ మనిషికి శుక్రవారం గడవదు.

పరదేశం నుంచి వచ్చి పనిచేసేవాళ్ల పెళ్లాం పిల్లల మీద సర్కారు తలకింతని లెవీ పన్ను వేసి రెండో ఏడు. పన్నెండు కుటుంబాల బిల్డింగులో, కట్టలేనివాళ్లు ఆడవాళ్లను ఊళ్లకు పంపేయగా, మూడు మిగిలాయి. ఆసిఫా మాత్రం ఉంటుందని నిరుడే దిలావర్ తేల్చేశాడు. "పిల్లలా, జెల్లలా? ఉండేదే ఇద్దరం, విడిపోయి ఏం బావుకుంటాం?" అన్నాడు.

ఫోన్ మోగింది. కడప నుంచి చెల్లెలు మాబున్నీ ఏదో లింకు పంపింది. "భాయ్, ఇది వదిన రాసిందే. నాకైతే తల తీసేసినట్లయింది" అని కింద రాసింది.

అదొక నవల. ఎవరో నీలవేణి పేరుతో కథల సైటులో వారం వారం వస్తోంది. కొచ్చిలో రిబ్కా అనే యూదు స్త్రీ. తనవాళ్లంతా ఇస్రాయెల్ వెళ్లిపోగా భర్తతో మిగిలిపోయింది. ఆ భర్త ఆమెను ముట్టుకోడు. ఆమె రేవులో ఓ పరాయి మగాణ్ణి కోరుకుంటుంది. పన్నెండో భాగంలో ఆ కోరికను రాసినావిడ ఏ మాటా దాచుకోలేదు. చదువుతుంటే దిలావర్‌కి చెవులు వేడెక్కాయి.

"ఏమ్మే, ఇట్ల రా!"

ఆసిఫా చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోన్ చూసింది.

"నువ్వేనా?"

"నేనే రాసినా. ఎట్ల తెలిసింది?"

"ఎట్లనా? కొచ్చిలో యూదుల ఆడమనిషి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తాదా? మా అమ్మ మాదిరి పప్పులపొడి గూడా చల్లింది నీ రిబ్కా! మాబున్నీ పట్టుకోకుండా ఉంటాదా?"

అంత భయంలోనూ ఆసిఫాకి నవ్వొచ్చింది. వాళ్ల పండగలు, ప్రార్థనలు ఎంత వెతికి చదివింది! తీరా వంట దగ్గరికొచ్చేసరికి చేయి అలవాటుగా కడపకే పోయింది.

"నగుతావా? ఈ దేశంలో కూచోని రాయనీకి యూదుల మనిషే దొరికిందా?"

"కాలేజీ టూర్‌లో కొచ్చి పోయినాం. వాళ్ల ప్రార్థనకు పదిమంది మగవాళ్లుండల్లంట. అంతమంది లేక వాళ్ల గుడికి తాళం వేసినారు. వాకిట్లో ముసలామె ఉండె. మీవాళ్లెంతమంది ఉండారవ్వా అంటే, ఎవరూ లేరు అనె. తానుంది కదా! తన్ను తాను మనిషి కింద లెక్కేసుకోలేదు. ఆ మాట నన్ను వదల్లేదు."

"మరి ఆ కోరికలు? అవీ ఆ ముసలామెవేనా?"

"అవి నావి" అంది ఆసిఫా. "ఆసిఫా అని రాస్తే అందరూ నా మొగం వెతుకుతారని ఆమె చాటున దాక్కున్నా. ఆమె బాధ ఆమెకు చాలదన్నట్టు నాది గూడా మోపినా. అది తప్పే."

దిలావర్ లేచాడు. "రేపు నీకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టిస్తా. అడిగినోళ్లకు లెవీ అని చెప్తాం. అందరూ పోతాండారు, ఎవరికీ అనుమానం రాదు."

ఫైనల్ ఎగ్జిట్ అంటే వీసా రద్దే, ఈ ఇంటికి మళ్లీ రావడమన్నది లేదు. ఆసిఫా గొంతు లేచింది.

"లెవీ కోసమైతే నోరెత్తకుండా పోతా. దీనికోసమైతే లెవీ పేరు చెప్పద్దు. నా పెళ్లాం ఇట్లాంటిది రాసింది, తరిమేసినా అని చెప్పండి!"

"ఆ మగాడెవడు?" దిలావర్‌కి అసలు మండుతున్నది అదీ. "రేవులో వాడు. ఎవడు వాడు?"

ఆమె ఫోన్ లాక్కుని ఒకచోట చూపించింది. "పైకి చదవండి."

"'రేవులో పని నుంచి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా గుమ్మంలో నిలబడి నన్ను చూసేవాడు. ఏమిటంటే, ఏం లేదు, చూస్తున్నా అనేవాడు...'" దిలావర్ ఫోన్ మీంచి తలెత్తాడు. "ఇది... జుబైల్లో మన మొదటి రూములో..."

"మీరే! పెండ్లయిన కొత్తలో మీరు. పిల్లలు పుట్టరని డాక్టర్ చెప్పినాంక నా పక్కకు రావడం మానేసినారు. ఎనిమిదేండ్లు! పిల్లల కోసమేనా అది? నాకు మీరు కావల్ల. ఆ మాట అనే దిక్కులేక ఆమె చేత అనిపించినా" అంటూ ఆసిఫా భోరున ఏడ్చేసింది.

దిలావర్ చతికిలబడ్డాడు. "లోపం నాది కదా ఆసిఫా. నువ్వు నన్ను ఏవగించుకుంటాండావని... ఏ మొగంతో వస్తా?" అన్నాడు. ఎనిమిదేళ్లు పక్కకు రాకపోవడమే భార్యకు మేలనుకుని ఆమెను ఎండబెట్టాడు మహానుభావుడు.

ఫోన్ మళ్లీ మోగింది. మాబున్నీ. "ఏమాయె భాయ్? వదిన్ని పంపించేస్తాండావా?"

"మీ వదినే రాసింది. అందులో మగాడు నేనే. నువ్వు ఫోను పెట్టేయ్."

ఆసిఫా కళ్లు తుడుచుకుంది. "మరి ఎగ్జిట్?"

"ఎనిమిదేండ్లు ఒకే ఇంట్లో ఉండి దూరంగా ఉన్నాం. చాలలేదా?" అన్నాడు దిలావర్, ఆమె చేయి పట్టుకుని.