ఊపిరి లేని గైడ్

సియోల్‌లోని మాంగ్వాన్ సందులో, ఎండు చేపల కొట్టు కింద సెల్లార్‌లో ఉంటుంది మా స్టూడియో. ఎన్ని అత్తరులు కొట్టినా ఆ వాసన పోదు. కొత్తగా వచ్చిన పిల్లలు ముక్కు మూసుకుంటారు. నాకు ఏళ్ల తరబడి అలవాటే.

నేను గైడ్ పాడేదాన్ని. పేరున్న గాయకులు విని నేర్చుకోవడానికి ముందుగా ఎవరో ఒకరు పాటంతా పాడి పెట్టాలి కదా, అదీ నా పని. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఊపిరి పీల్చాలో అన్నీ గైడ్‌ని బట్టే. పని అయ్యాక నా గొంతు చెరిపేస్తారు. సియోల్ అంతా మోగిన పాటల్లో పెద్ద పెద్ద స్టార్లు నేను పీల్చిన చోటే పీల్చారు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. పోనీలెండి.

మొన్న వసంతంలో నా గొంతును కంప్యూటర్‌కి నేర్పారు. ఇక నేను పాడక్కర్లేదు, నా గొంతుతో అదే పాడుతుంది. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఆ తర్వాత కోపమూ రాలేదు, ఆకలీ సరిగా వేయలేదు.

ఆ మధ్యాహ్నం ఎడతెగని వాన. మా రికార్డింగ్ ఇంజనీరు గిసోక్ అన్న రమ్మన్నాడు. హేదమ్ అనే పిల్ల మొదటి పాట రికార్డింగ్. చిన్నప్పటి నుంచీ ఓ పాటల కంపెనీ శిక్షణలోనే పెరిగింది. ఈ పాట కుదరకపోతే కంపెనీ ఇంటికి పంపించేస్తుంది. చలికాలంలో ఈ పాటకు గైడ్ పాడింది నేనే. నన్ను చూడగానే హేదమ్, గింబాప్ అన్నపు చుట్ట నములుతూనే లేచి వంగి దణ్ణం పెట్టింది.

"అక్కా, రోజూ మీ గైడ్ వింటూనే నిద్రపోతున్నా తెలుసా?"

"ఇంకా ఉంచుకున్నావా అది? చెరిపెయ్యవే పిచ్చిదానా."

"చెరపను. అది లేకపోతే నిద్రే పట్టదు."

గిసోక్ అన్న నవ్వాడు. "యోన్‌జూ, ఇవాళ కంప్యూటర్ చేత మళ్ళీ పాడించా. ఊపిర్లన్నీ తీసేశా. ఎక్కడా ఆగదు. ఎంత శుభ్రంగా ఉందో విను!"

"మరి పిల్ల ఎక్కడ పీల్చాలన్నా?"

"దాని ముక్కు, దాని ఇష్టం."

హేదమ్ గాజు గదిలోకి వెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఇవతల నేనూ ఒక జత పెట్టుకున్నాను.

నా గొంతు మొదలైంది. పల్లవి అయింది. ఆగలేదు. చరణంలోకి వెళ్ళిపోయింది. ఇక్కడ పీల్చాలి అనుకున్నాను. అది పీల్చలేదు... నేనూ పీల్చలేదు. పీల్చలేకపోయాను. అది ముందు పీల్చాలన్నట్టు నా ఛాతీ ఎదురుచూస్తోంది. చెవులు గుయ్యిమన్నాయి. హెడ్‌ఫోన్లు లాగి పారేశాను. అప్పుడు గాలి లోపలికి వచ్చింది.

అద్దం అవతల హేదమ్ పాడుతూనే ఉంది. కళ్ళు నా మీదే. పెదాలు నీలం రంగుకు తిరుగుతున్నాయి.

"ఆపన్నా... ఆపు!"

ఆపాడు. స్టూడియో నిశ్శబ్దమైంది. హేదమ్ పెదాలు ఇంకా కాసేపు కదిలాయి. తర్వాత పడిపోయింది.

ఆసుపత్రిలో జబ్బేమీ కనిపించలేదన్నారు. స్పృహ లేదు గానీ ఊపిరి ఆడుతోందట. వాళ్ళమ్మ బుసాన్ నుంచి రైల్లో వస్తోంది, అందాకా నన్ను పక్కన కూర్చోమన్నారు. కూర్చున్నాను. గదిలో మందుల వాసన, కిటికీ మీద వాన. నాకేమీ అనిపించలేదు.

హేదమ్ ఊపిరి వింటూ కూర్చున్నాను. చిన్నగా ఒకటి. ఆగింది. వెంటవెంటనే రెండు. మళ్ళీ ఆగింది... తర్వాత ఒకటి లోతుగా.

ఎక్కడో విన్నట్టుంది. అవి నావే. చలికాలంలో పాడినప్పుడు నేను పీల్చిన చోట్లు. పల్లవి అయిపోయింది, చరణం నడుస్తోంది.

ఆ పాట చివర పొడుగాటి స్వరం ఒకటి ఉంది. దాని తర్వాత నేను ఊపిరి పీల్చలేదు. పాట అయిపోయాక ఎందుకు పీలుస్తాను?

చాలా నెలల తర్వాత నాకు భయం వేసింది.

ఆ స్వరం వచ్చే చోటు దాటింది. హేదమ్ ఛాతీ ఆగింది. నేను ఆమె చెవి దగ్గరికి వంగి, పాట మొదటి నుంచి అందుకున్నాను. నేను పీల్చిన చోట... పీల్చింది.

అలా ఎన్నిసార్లు పాడానో. మొదలు, చివర, మళ్ళీ మొదలు.

వాళ్ళమ్మ తడిసిన గొడుగుతో లోపలికి వచ్చింది. "ఎవరమ్మా నువ్వు? పాటేంటి ఈ టైములో?" జవాబు చెప్తే పాట తెగిపోతుంది. తల ఊపి పాడుతూనే ఉన్నాను. ఆవిడ కూతురి పాదాలు పట్టుకుని మంచం చివర కూలబడింది.

గొంతు ఎండిపోయింది. ఇక మాట పెగలదు అనిపించింది. ఒక్క గుక్క... అంతే అనుకుని, గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"ఆపకమ్మాయ్," అంది వాళ్ళమ్మ కళ్ళు మూసుకుని. "ఎంత బాగా పాడుతున్నావో."

నీళ్ళు ఇంకా నా నోట్లోనే ఉన్నాయి.

పాట మాత్రం వినిపిస్తోంది. నా గొంతే. పల్లవి అయింది. ఆగలేదు. చరణంలోకి వెళ్ళిపోయింది...

హేదమ్ ఛాతీ కదలడం లేదు. మంచం చివర కళ్ళు మూసుకుని వింటున్న వాళ్ళమ్మ ఛాతీ కూడా.