మొయిన్ తెచ్చిన కవరు

సంతకం లేని ఫిర్యాదును చెత్తబుట్టలో వేస్తారు. సంతకం పెడితే, ఎవరి మీద రాశారో వాళ్లకే పంపిస్తారు. అయ్యా పెద్ద ఆఫీసర్లూ, స్వర్ణలతను నడిబజార్లో నిలబెట్టింది మీరే!

ఆమె తాగునీళ్ల ఆఫీసులో గుమాస్తా. ఏడాదిగా ట్యాంకు కడగలేదని, కడిగినట్టు ఇంజనీరు రాసుకుంటున్నాడని పై ఆఫీసుకు రాసింది. పది రోజులకు అదే కాగితం 'తగు చర్య నిమిత్తం' అంటూ ఆ ఇంజనీరు పేరు మీదే దిగింది. వచ్చిన టపాలు రిజిస్టరులో ఎక్కించేది ఆమే. తన పేరు తానే ఎక్కించి, తీసుకుపోయి ఆయన బల్ల మీద పెట్టింది. మర్నాడే లింగాలకు బదిలీ. ఇల్లేమో ప్రొద్దుటూరులో.

ఈ పొద్దున అత్త తిరుపాలమ్మ నానబెట్టిన బొరుగులతో ఉగ్గాని కలుపుతుంటే అటెండరు మొయిన్ కవరు పట్టుకొచ్చాడు.

"ఇంజనీరు సారు ఇమ్మన్నాడు మేడమ్. సంతకం పెడితే బదిలీ రద్దంట."

భర్త నాగేంద్ర ముఖం వెలిగింది. "పెట్టేయ్ మ్మే! అంత దూరం యాడ తిరుగుతావు? ఇంట్లో పాప ఉండాది."

"ఆ ట్యాంకు నీళ్లు ఊర్లో పాపలే తాగుతాండారు," అంది స్వర్ణలత.

"ఊరంతా నీ బిడ్డలేనా? అమ్మా, నువ్వన్నా చెప్పు!"

"చెప్తా. ముందు అందులో ఏముందో చదువు."

నాగేంద్ర చదివాడు. "ఆ ఫిర్యాదు నాది కాదు. ఆఫీసులో ఎవరో నా సంతకం దొంగగా పెట్టారు..."

"ఎవరో అంటే ఎవురు? ఆ ఫిర్యాదు పోస్టు చేసిందెవురు?" అంది తిరుపాలమ్మ.

మొయిన్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "నేనేనమ్మా. పోస్టాఫీసులో అందరూ చూసినారు."

"చూస్తివా నాగేంద్రా? ఈయప్ప మెడకు ఉరితాడు ఈయప్ప చేతికే ఇచ్చి పంపినాడు ఆ ఇంజనీరు! నీ పెండ్లాం ఇంటి పట్టున ఉండేదానికి ఇంకొకరి కొంప ముంచుతావా?"

నాగేంద్ర తల దించుకున్నాడు. కాగితాన్ని రెండుగా చింపాడు. "పులివెందుల దాకా బస్సు, ఆడినుంచి ఆటో. పాపకు జడలు నేనేస్తాలే."

"నువ్వేసే జడలు చూసి బడి బడంతా నవ్వుతాది," అంది తిరుపాలమ్మ, మొయిన్ ముందు ఉగ్గాని ప్లేటు పెడుతూ.

స్వర్ణలత నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నీలాగా ఫిర్యాదు రాసినోళ్లను కాపాడే చట్టమే లేదామ్మే?"

"ఉంది అత్తా. రెండువేల పద్నాలుగులో చేసినారు. ఇంతవరకూ అమల్లో పెట్టలేదు."

"ఏంది, చేసి అటక మీద పెట్టినారా? రాయి మళ్లా! గట్టిగా రాయి!"

స్వర్ణలత పెన్ను తీసింది. అత్త చెబుతుంటే కింద సంతకంతో సహా రాసింది. ఆ చట్టాన్ని ఇప్పుడే అమల్లో పెట్టండి. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టిన ఆఫీసరును శిక్షించండి. నా బదిలీ ఆపండి. అన్నిటికంటే ముందు, ఈరోజే, ఆ ట్యాంకు కడిగించండి!