ఎండలో తెరిచిన డబ్బా

"ఎడమ చేతిది ఒక్కటే అమ్ముతారా?"

గ్లవ్స్ కౌంటర్ వెనక నిలబడ్డ లినెట్ హార్గ్రీవ్ తలెత్తలేదు. అది కోడ్. "జతగానే అమ్ముతాం," అంది.

వచ్చినవాడు క్రాంజ్, ప్రభుత్వ గూఢచారి శాఖలో ఆమె పై అధికారి. మిషన్ రెండు ముక్కల్లో చెప్పాడు. రాకెట్ ఫ్యాక్టరీ నక్షాల ఫొటోలతో విదేశీ గూఢచారి ముఠా మనిషి వోస్ రేపు మధ్యాహ్నం ఓడెక్కుతాడు. ఏ ఓడో ఎవరికీ తెలియదు. భార్య వేషంలో లినెట్ పక్కనుండాలి. ఓడ దగ్గర పౌడరు డబ్బా అద్దాన్ని ఎండకు తిప్పితే చాలు, క్రాంజ్ మనుషులు దిగిపోతారు.

"ఆ ఉత్తరం?" అంది లినెట్.

"పని అవనీ అమ్మా."

హాలీవుడ్‌లో పదకొండు సినిమాల హీరోయిన్ ఆమె. మూడేళ్ల కిందట కమ్యూనిస్టుల్ని వెతికే విచారణ కమిటీ స్నేహితుల పేర్లు అడిగితే చెప్పలేదు. మర్నాటినుంచి బ్లాక్ లిస్టు. స్టూడియో గేట్లు మూసుకున్నాయి, రేడియోవాళ్లు ఫోన్లు పెట్టేశారు. ఆ నిషేధం చూసే వోస్ ముఠా ఆమెను నమ్మింది. ఆమె నిర్దోషి అని స్టూడియోలకు ఒక్క ఉత్తరం రాస్తానని క్రాంజ్ ఏడాదిగా ఊరిస్తున్నాడు.

మర్నాడు రేవులో వోస్‌ది డాక్యుమెంటరీ డైరెక్టరు వేషం. చంకలో గుండ్రటి రేకు డబ్బా, చుట్టూ టేపు, మీద పెద్ద అక్షరాలు: 'కడగని ఫిల్మ్. తెరవరాదు.' వెలుతురు తగిలితే ఫిల్మ్ నల్లబడి పాడవుతుంది, లాస్ ఏంజెలెస్‌లో అలాంటి డబ్బా మూత ఎవరూ తియ్యరు. రేవు పోలీసులు కూడా దాన్ని పసిబిడ్డలా అందుకుని తిరిగిచ్చారు.

"మీరు, మేడం?"

"భార్యని," అంది లినెట్. విగ్గుంది, నల్లకళ్లద్దాలున్నాయి. గొంతు దాచలేకపోయింది.

పోలీసు చెయ్యి ఆగింది. "హార్గ్రీవ్ కదూ. మా ఆవిడ మీ సినిమాలకి ఏడ్చి ఏడ్చి పడుకునేది. ఇప్పుడు మీ పేరెత్తితే చెంబు విసురుతుంది. లిస్టులో ఉన్నవాళ్లు దేశం దాటకూడదు. ఆ సంచి ఇటివ్వండి."

పౌడరు డబ్బా సంచిలో ఉంది. తనెవరో చెప్పే హక్కు ఆమెకు లేదు. వోస్ అప్పటికే ఆవిడెవరో తెలియనట్టు ఓడ మెట్ల వైపు నడుస్తున్నాడు. అది విదేశీ ఓడ, పైన అడుగుపెడితే పరాయి గడ్డే.

లినెట్ చెప్పులు వదిలేసి పరుగెత్తింది. మూడో మెట్టు మీద డబ్బా లాక్కుంది, పళ్లతో టేపు చింపింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఫిల్మంతా బయటికి దూసింది.

వోస్ మొహం పాలిపోయింది. "నువ్వసలు సినిమా మనిషివేనా?"

ఆ గొడవ చూసి క్రాంజ్ మనుషులు వచ్చిపడ్డారు. దొంగ పాస్‌పోర్టు మీద వోస్‌ని పట్టుకున్నారు.

క్రాంజ్ నల్లబడ్డ ఫిల్మ్ చుట్టలు చూసి సణిగాడు. నక్షాలు దేశం దాటలేదు సరే, కోర్టుకి ఆధారం పోయిందట. ఉత్తరం మాట ఆమే ఎత్తింది.

"నిషేధం తీసేస్తే ఇకముందు ఏ ముఠా నమ్ముతుందమ్మా నిన్ను?" అన్నాడు, చాలా మర్యాదగా.

ఏడుద్దామనుకుంది, రాలేదు. సినిమాల్లో అయితే డైరెక్టరు చెప్పగానే వచ్చేది.

మర్నాటి పేపర్లో వార్త: నిషేధిత నటి రేవులో వీరంగం. మూడేళ్ల తర్వాత ఆమె ఫొటో వేశారు. ఆమె మొహం బాగా పడే ఎడమవైపు నుంచి తీశారు, అదొక్కటే నయం.