అత్తగారి కంట్లో కోడలి గోడ

“ఈ బురద గోడల మధ్య ఇంకొక్క పూట కూడా ఉండను! నన్ను మా దీవికి పంపించెయ్యండి!”

మెట్ల దగ్గర నిలబడి గుద్రూన్ అన్న ఆ మాట వంటింట్లో ఉన్న మారిట్ గుండెల్లో సూదిలా దిగింది. చేపముక్కల పళ్లెం చేత్తో అలాగే పట్టుకుని బయటికి వచ్చింది. డెబ్భై తొమ్మిదేళ్ల అత్తగారు ఉన్ని కోటు తొడుక్కుని, తలకు రుమాలు బిగించుకుని, పెట్టె పక్కన పెట్టుకుని ప్రయాణానికి సిద్ధంగా ఉంది! పక్కన మారిట్ భర్త హాల్వర్, ఎవరి వైపు మాట్లాడితే ఏం ముంచుకొస్తుందోనని గడ్డం గోక్కుంటున్నాడు.

“అమ్మా, పడవ పొద్దున్నే వెళ్లిపోయింది. ఇవాళ ఇంకోటి లేదు.”

“అయితే ఈదుకుంటూ పోతా!”

మెట్ల మీద కూర్చున్న పదహారేళ్ల కూతురు తీరా కిసుక్కున నవ్వింది. మారిట్‌కి మాత్రం నవ్వు రాలేదు. కళ్లు మండాయి...

పెళ్లయిన ఇరవై ఒక్కేళ్లలో ఎన్ని అద్దె ఇళ్లు మారిందో మారిట్! ఎవరో అతికించిన పూల కాగితాల మధ్య, ఎవరో ఇష్టపడ్డ ఆకుపచ్చల మధ్య కాపురం చేసింది. నార్వేలోని క్రిస్తియాన్‌సున్ రేవుకి ఎదురుగా ఉన్న ఈ చెక్క ఇల్లు కొనుక్కున్నాక, మొన్న వసంతంలో మొదటిసారి తన కోసం ఒక రంగు ఎంచుకుంది. గోడకి పదకొండు రంగుల ముక్కలు అంటించి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, వానలో ఒకసారి, మూడు వారాలు చూసింది. చివరికి ఒక వెండి బూడిద రంగు మిగిలింది. ఎండ పడితే మెరుస్తుంది, మబ్బు పడితే మెత్తబడుతుంది, ఏ వస్తువు పక్కన పెట్టినా గొడవ పడదు! సెలవు రోజుల్లో నిచ్చెనెక్కి వంటిల్లు, నడవా, ముందు గది, పైన ఖాళీగా ఉన్న పడకగది అన్నీ తనే వేసుకుంది. ఆ రంగు చూస్తే చాలు, బడిలో రోజంతా పిల్లలతో అరిచి వచ్చిన అలసట సగం తీరిపోయేది.

జూన్‌లో గుద్రూన్ దీవిలోని తన ఇంటి గుమ్మం మెట్టు మీద తూలి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక కూడా ఒంటరిగా ఉండనివ్వకుండా హాల్వర్ తీసుకొచ్చాడు. వచ్చిన రోజు నుంచీ అదే పాట... “గిన్నెలు కడిగిన నీళ్ల రంగు”, “నేలగుడ్డ పిండిన రంగు”! ఇంకెవరైనా అంటే మారిట్ దులిపేసుకునేది. కానీ గుద్రూన్ అంటే సామాన్యురాలా? నలభై ఏళ్లు బర్చ్ చెట్ల ఆకులూ, బండల మీద పాచీ ఉడికించి ఉన్నికి రంగులద్దిన మనిషి. రంగు విషయంలో ఆమె మాటంటే ఆ దీవిలో తిరుగు లేదు. అలాంటి మనిషి బురద అంటే... అది బురదేనేమో!

“అత్తయ్యా,” అంది మారిట్. “ఈ శనివారం మీ గదికి వేరే రంగు వేసేస్తాను. మీరు ఏదంటే అదే. కోటు విప్పండి... అన్నం వేళకి అలిగి వెళ్లకూడదు.”

గుద్రూన్ కాసేపు బింకంగా నిలబడింది. వెన్నలో వేగిన చేప వాసన తగిలి, నెమ్మదిగా కోటు గుండీ విప్పింది.

భోజనం అయ్యాక మారిట్ రంగుల షేడ్ కార్డు తెచ్చి ముందు పెట్టింది. గుద్రూన్ దాన్ని ముక్కుకి దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు తడిమి, ఒక గడి మీద వేలు పెట్టింది. “ఇదిగో, ఈ లేత పసుపు వెన్న రంగు! ఇల్లంటే ఇలా ఉండాలి.”

ఆ వేలి కింద ఉన్నది వెన్న రంగు కాదు. మల్లెపువ్వులాంటి తెలుపు! తనను ఆట పట్టిస్తోందేమో అనుకుంది మారిట్. కానీ అత్తగారి మొహంలో ఆటలేదు. “అలాగే అత్తయ్యా,” అంది. శనివారం ఆ గది తెల్లగా మారింది. “హమ్మయ్య, వెన్నలా ఉంది!” అని గుద్రూన్ మురిసిపోయింది.

కోడలు మాట నిలబెట్టుకున్నందుకు తనూ ఏదైనా ఇవ్వాలనుకుంది కాబోలు, సెప్టెంబరంతా కిటికీ దగ్గర కూర్చుని స్వెటర్ అల్లింది. “నీకే. ముదురు నీలం. నీ తెల్ల ఒంటికి బాగుంటుంది,” అని ఒళ్లో పెట్టింది.

మారిట్ విప్పి చూసింది. ఒళ్లంతా నీలం... ఎడమ చెయ్యి మాత్రం మోచేతి నుంచి కిందికి ఊదారంగు! తీరా పకపకా నవ్వబోయింది. మారిట్ చూసిన చూపుకి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

“ఎలా ఉంది?” అంది గుద్రూన్ ఆశగా.

“చాలా బాగుంది అత్తయ్యా... చాలా వెచ్చగా ఉంది!”

మర్నాడు అదే వేసుకుని బడికి వెళ్లింది మారిట్. పిల్లలు గుసగుసలాడారు. తోటి పంతులమ్మ “రెండు స్వెటర్లు కలిపి కుట్టావా?” అని వేళాకోళం చేసింది. అయినా వారానికి రెండుమూడు రోజులు అదే వేసుకుంది. అప్పుడే ఆమెకి అంతా అర్థమైంది. తప్పిన మెట్టు, తెలుపులో కనిపించిన వెన్న, ఊదాలో కనిపించిన నీలం, వెండిలో కనిపించిన బురద... అయ్యో, ఇన్నాళ్లూ అత్తగారు పోట్లాడింది తన గోడతో కాదు!

ఆ మాట ఎలా చెప్పాలి? రంగులతోనే బతికిన మనిషికి, ‘నీకు రంగులు తెలియడం లేదు’ అని ఏ నోటితో చెప్పాలి? రెండు రోజులు ఆలోచించి, కాఫీ పోస్తూ అంది. “అత్తయ్యా, నాకు ఈ మధ్య అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కళ్ల డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాలంటే భయం. తోడు రండి. పనిలో పనిగా మీరూ చూపించుకుందురు గాని.”

“నా కళ్లకేం? గద్ద కళ్లు!” అంది గుద్రూన్. కానీ వచ్చింది.

మారిట్‌కి చదువుకునే కళ్లద్దాలు రాశారు. గుద్రూన్‌కి రెండు కళ్లలోనూ ముదిరిన శుక్లాలు! లోపల పసుపుపచ్చగా పట్టేసి, ప్రతి రంగునీ మురికి చేసి చూపిస్తున్నాయని డాక్టరు చెప్పారు. కారులో కూర్చున్నాక గుద్రూన్ ఒక్కసారిగా బావురుమంది.

“నాకు తెలుసే మారిట్... ఏదో తేడాగా ఉందని తెలుసు! ఒప్పుకుంటే నేనేం మిగులుతాను? రంగు తెలియని గుద్రూన్‌ని ఎవరు లెక్కచేస్తారు?”

“మేం లేమా అత్తయ్యా!” మారిట్ ఆమె చెయ్యి పట్టుకుంది. “ఆపరేషన్ ఒక పూట పని. నేను సెలవు పెడతాను.”

అక్టోబరులో కుడి కంటికి ఆపరేషన్ అయింది. మర్నాడు ఉదయం ముందు గదిలో కూర్చోబెట్టి, కంటి మీద డొప్ప మారిట్ మెల్లగా తీసింది. వాన వెలిసి, రేవు మీంచి తెల్లని వెలుతురు గదిలోకి పడుతోంది. గుద్రూన్ రెప్పలార్చి చూసింది... లేచి గోడ దగ్గరికి నడిచి, అరచెయ్యి ఆనించింది.

“ఇది... వెండి కదే!”

ఎడమ కన్ను చేత్తో మూసుకుంది. “వెండి!” కుడి కన్ను మూసుకుంది. “బురద!” మళ్లీ మార్చింది. “వెండి! బురద! అమ్మ బాబోయ్... వెండి!” చిన్నపిల్లలా అలా ఎన్నిసార్లు చేసిందో! హాల్వర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. తీరా నానమ్మని కావిలించుకుంది.

“ఎంత చక్కగా ఎంచావమ్మాయ్! మా ఆయన తెల్లారి వలలు లాగే వేళ సముద్రం అచ్చం ఇలాగే ఉండేది. దీన్ని పట్టుకుని నేనెన్ని మాటలన్నాను... నోరు మూసుకుని పడ్డావే!” అంటూ కోడలి వైపు తిరిగింది. ఆ చూపు మారిట్ వేసుకున్న స్వెటర్ ఎడమ చేతి మీద ఆగిపోయింది. మొహం పాలిపోయింది.

“ఇది... నేనల్లిందేనా? ఇది వేసుకుని పదిమందిలోకి వెళ్లావా?”

“వెచ్చగా ఉంది అత్తయ్యా.”

“అబద్ధాలకోరు!” అంటూ కోడలి భుజం మీద తలపెట్టి ఏడ్చేసింది గుద్రూన్. మారిట్ కూడా ఏడ్చింది. ఎంత హాయైన ఏడుపో అది! ఆ చెయ్యి విప్పి మళ్లీ అల్లుతానని అత్తగారు పట్టుబట్టింది. మారిట్ ఒప్పుకోలేదు.

కాసేపటికి అద్దంలో చూసుకున్న గుద్రూన్ కెవ్వుమంది. “ఇన్ని ముడతలా! అందరూ కలిసి నా దగ్గర దాచారన్నమాట!” ఇల్లంతా నవ్వుతో నిండిపోయింది.

రెండో కన్ను కూడా బాగుపడ్డాక, ఆమె దీవికి వెళ్లే మాటే ఎత్తలేదు. “నా గది ఆసుపత్రిలా తెల్లగా ఏడుస్తోంది, నాకూ వెండి రంగే కావాలి!” అంది. ఆదివారం మారిట్ నిచ్చెనెక్కి రోలర్ పట్టుకుంది. గుద్రూన్ వాఫెల్ అట్టు తింటూ కుర్చీలో కూర్చుని అజమాయిషీ మొదలుపెట్టింది.

“కిటికీకి ఎడం పక్క, జానెడు మేర పలచబడింది. చూసుకోవేం?”

మారిట్ కళ్లద్దాలు సరిచేసుకుని వంగి చూసింది. అక్కడ నిజంగానే, సరిగ్గా జానెడు మేర, పలచబడి ఉంది. ఆమెకి ఎక్కడ లేని సంతోషం వేసింది.

“అవునత్తయ్యా,” అంది రోలర్ మళ్లీ ముంచుతూ. “ఇంకెక్కడైనా ఉందేమో చూడండి!”